కొసరు మరిగిన సూదమ్మ

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక ఏరు. ఏటి ఒడ్డున ఇసుక తిన్నె మీద వారానికొకసారి జంతువుల సంత జరిగేది. అక్కడ గవ్వలే డబ్బు. గవ్వలున్నవాళ్లు కొనుక్కునేవారు. లేనివాళ్లు చూసి పోయేవారు.

ఆ సంతకు తప్పకుండా వచ్చే వాళ్లలో సూదమ్మ అనే ముళ్లపంది ఒకతె. ఆమె భర్త కంపయ్య కుందేళ్లకూ ఉడుములకూ బొరియలు తవ్విపెట్టి గవ్వలు సంపాదించేవాడు. వాళ్లకు ఒక్కతే కూతురు. పేరు పుల్లి. సూదమ్మకు ఆ చుట్టుపక్కల పొదుపరి అని పేరుండేది. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

పిల్లలూ, ముళ్లపందుల్లో ఒక ఆచారం ఉంది. చలికాలంలో మంచు పడగానే, ఈడొచ్చిన పిల్లలు ఒక్కొక్కరే బొరియలోంచి బయలుదేరి, ముళ్లు గలగలలాడిస్తూ ఏటిదాకా వెళ్లి రావాలి. తోడు ఎవరూ వెళ్లకూడదు. దాన్ని గలగల నడక అంటారు. మంచులో ఏదీ కనబడదు. ముళ్ల చప్పుడు విని పెద్ద జంతువులు తప్పుకోవాలి. ముళ్లు గట్టిగా ఉంటేనే ఆ చప్పుడు వస్తుంది. చప్పుడు రాని పిల్ల వెళ్లకూడదు. వెళితే తిరిగి రాదు.

ఆ ఏడు పుల్లి వంతు వచ్చింది. మంచు పడేలోగా పిల్ల ముళ్లు గట్టిపడాలి. సూదమ్మ ముందున్న పని అదొక్కటే.

వానాకాలం మొదట్లో ఒక సంత రోజున కంపయ్య గవ్వల సంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"రాగులు, ఉలవలు, మునగాకు. పిల్లకు అవే కావాలి. మరిచిపోకే" అన్నాడు.

"నాకు చెబుతావేంటయ్యా? సంత నాకు కొత్తా?" అంది సూదమ్మ.

సంతలో ధాన్యం అమ్మేది కొక్కమ్మ అనే పందికొక్కు. పందికొక్కు ధాన్యం అమ్మడమేమిటని కొందరు నవ్వేవారు. "తినేదాన్ని గనకనే మంచి గింజ ఏదో నాకు తెలుసు" అని కొక్కమ్మ వాళ్ల నోరు మూయించేది.

సూదమ్మ రాగుల రాశి ముందు నిలబడి, గింజ పట్టుకు చూడకుండానే, "అత్తా, కొసరెంత?" అని అడిగింది.

కొసరంటే తెలుసు కదా? కొలిచి ఇచ్చిన తరువాత పైన ఇంకాస్త ఊరికే వేస్తారే, అది.

"కొసరు లేదు. కొలత ఉంది. కావాలంటే కొలుస్తా, వద్దంటే జరుగు. వెనక వాళ్లున్నారు" అంది కొక్కమ్మ.

"గుప్పెడు గింజలు ఎక్కువేస్తే నీ మేడలు కూలిపోతాయా?"

"నాకున్నది బొరియే తల్లీ. మేడ కట్టింది ఆ కొసరిచ్చేవాడు. పోయి చూడు."

సూదమ్మ మూతి తిప్పుకుని ముందుకు నడిచింది. నడుస్తుంటే ఒక కమ్మని వాసన ముక్కుకు తగిలింది. అది పరిమళయ్య కొట్టు. పరిమళయ్య పునుగుపిల్లి. వాడి ఒంటి వాసన ఒకటి, నూనెలో వేగుతున్న చేగోడీల వాసన ఒకటి, పాకం పట్టిన ఇప్పపూల వాసన ఒకటి. మూడూ కలిసి దారిన పోయేవాళ్లను తోక పట్టుకు లాగేవి. సూదమ్మ పొద్దుటినుంచి ఏమీ తినలేదు.

"రా వదినా, రా! సంతకు వచ్చి మా కొట్టు ఎక్కకుండా పోతే, రేపు మా అన్నయ్య దగ్గర నాకు మాటొస్తుంది" అన్నాడు పరిమళయ్య.

"కొసరుందా?"

"కొసరు లేని బేరం తోక లేని కోతి వదినా! రెండు సోలల చేగోడీలు తీసుకో, దోసెడు ఇప్పపూలు ఊరికే ఇస్తా."

ఊరికే అన్న మాట చెవిన పడగానే సూదమ్మ ముళ్లన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. రాగులు మరిచిపోయింది. ఉలవలు మరిచిపోయింది. చేగోడీలు కొంది, ఇప్పపూలు ఊరికే తెచ్చుకుంది.

ఇంటికి వచ్చి, "ఏమయ్యా, ఇవాళ ఎంత మిగిల్చానో తెలుసా? దోసెడు ఇప్పపూలు!" అంది.

కంపయ్య గవ్వల సంచి తీసి చెవి దగ్గర ఊపాడు. "మిగిలితే సంచిలో ఉండాలి కదే? చప్పుడు లేదే?"

"నీకు మట్టి తవ్వడం తెలుసు. లెక్కలేం తెలుసు?" అంది సూదమ్మ.

మరుసటి సంతకు పరిమళయ్య కొత్త బేరం పెట్టాడు. పెద్ద ముంత నూనె కొంటే ఒక గరిటె ఊరికే. ఇంట్లో గరిటె ఉంది. అయినా సూదమ్మ నూనె కొంది. నూనె ఉంది గనక వేయించాలి. వేయించాలంటే పిండి కావాలి. పిండి కొంటే బెల్లం ముక్క కొసరు. బెల్లం వచ్చింది గనక అప్పచ్చులు చేసింది. చేసింది గనక పుల్లి తిన్నది. తిన్నది గనక రాత్రి అంబలి ముందు పెడితే ముఖం పక్కకు తిప్పుకుంది.

"చప్పగా ఉందమ్మా. అప్పచ్చి పెట్టు."

"పోనీలే, పసిది. ఏదో ఒకటి తింటోంది కదా" అనుకుంది సూదమ్మ.

తల్లి చేయకూడని తప్పు అదే. ఏదో ఒకటి తినడం తినడం కాదు.

వారాలు గడిచాయి. పుల్లి గుండ్రంగా తయారైంది. పక్క బొరియ ముసలమ్మ చూసి, "మీ పిల్ల బూరెలా భలే ఉందమ్మా" అంది. సూదమ్మ మురిసిపోయింది. కాని ఆ బూరె నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. పడుకుని లేస్తే పక్క మీద ముళ్లు రాలి ఉండేవి. సూదమ్మ వాటిని ఊడ్చి పారేస్తూ, "వానాకాలం చెమ్మ" అని తనకు తానే చెప్పుకునేది.

వానాకాలం వెనకబడుతున్న రోజుల్లో, ఒక సంతకు సూదమ్మ పుల్లిని కూడా తీసుకెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి పొద్దు వాలింది. బండరాళ్ల మలుపులో దారికి అడ్డంగా దుమ్ములగొండి నిలబడి ఉంది.

సూదమ్మ ముళ్లు విప్పి గలగలలాడించింది. దుమ్ములగొండి ఒక అడుగు వెనక్కి వేసింది. కాని పోలేదు. తల వంచి పుల్లిని తేరిపార చూసింది.

"నువ్వు కూడా విప్పవే! ఆడించు!" అంది సూదమ్మ.

పుల్లి ఒళ్లంతా విదిలించింది. తడిసిన చీపురు దులిపినట్టుంది. చప్పుడు రాలేదు.

దుమ్ములగొండి పగలబడి నవ్వింది. "సూదమ్మా, నీ జోలికి నేను రాను. నిన్ను కరిస్తే నెలంతా మూతి వాపు. నీ పక్కన కొసరుంది చూడు, ఆ మెత్తటిది. నాకది చాలు."

కొసరన్న మాట సూదమ్మ చెవిన పడింది. ఎన్నాళ్లుగానో తన నోట తియ్యగా ఆడిన మాట అది. ఇప్పుడు ఇంకొకరి నోట వింటే దాని అర్థమే వేరుగా ఉంది.

ఆమె పిల్లను రాళ్ల సందులోకి నెట్టింది. వీపు తిప్పి, వెనక్కి వెనక్కి దూసుకుపోయింది. ముళ్లపంది యుద్ధం వెనకనుంచే. ఒక ముల్లు దుమ్ములగొండి ముక్కులో దిగింది. అది కుయ్యోమని ఎగిరి దూరం జరిగింది. పెనుగులాటలో బుట్ట తిరగబడి చేగోడీలన్నీ బురదపాలయ్యాయి.

"ఇవాళ్టికి గెలిచావు. మంచు పడనీ" అంది దుమ్ములగొండి ముక్కు నాకుకుంటూ. "నడక రోజున నువ్వు పక్కన ఉండకూడదుగా. మీ ఆచారం నాకూ తెలుసు."

ఇంటికి చేరాక సూదమ్మ పుల్లిని ఒళ్లో పడుకోబెట్టి ముళ్లు తడిమి చూసింది. ఏది పట్టుకున్నా వంగింది. కొన్ని చేతికే ఊడి వచ్చాయి. చెమ్మ అనడానికి ఆమెకు నోరు రాలేదు.

లేచి అటక మీద ఉన్నవి కిందకు దించింది. ఇన్నాళ్లూ కొసరుగా వచ్చినవన్నీ అక్కడున్నాయి. గరిటెలు, బెల్లం ముక్కలు, రంగు పంచదార చిలకలు, మెత్తబడిన ఇప్పపూలు, ఎందుకో తెలియని ఒక మూత. వాటిని వరసగా నేల మీద పెట్టింది. చూస్తూ కూర్చుంది. ఊరికే వచ్చినవన్నీ కలిపినా ఒక పూట కూడు కావడం లేదు.

"నేను మిగిల్చింది ఇదేనయ్యా" అంది.

కంపయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. దెప్పి పొడవలేదు. మూత చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "దీని గిన్నె ఏదే?" అన్నాడు.

"గిన్నె లేదు. మూతే కొసరు."

కంపయ్యకు నవ్వాగలేదు. ఏడుస్తూ ఏడుస్తూనే సూదమ్మకు కూడా నవ్వు వచ్చింది. తరువాత కంపయ్య అసలు సంగతి చెప్పాడు. వానలకు తవ్వకం పని ఆగిపోయింది. సంచిలో కొద్ది గవ్వలే ఉన్నాయి.

"ఇవి చాలతాయా?" అని అడిగింది సూదమ్మ.

"చిరుతిళ్లకు చాలవు. తిండికి చాలతాయేమో చూడు. ఒక్కమాట చెబుతా విను. వంట తలుచుకుని సంతకు పో. సంత చూసి వంట తలుచుకోకు."

సూదమ్మ ఆలోచించింది. ఇన్నేళ్లూ ఏ కొట్టుకు పోయినా 'కొసరెంత' అని అడిగింది. 'ఇది ఒంటికి ఏం చేస్తుంది' అని ఒక్కసారీ అడగలేదు.

తరువాతి సంత రోజున ఆమె ముందు పుల్లికింత పెట్టి, తనూ ముంతెడు అంబలి తాగింది. కడుపు నిండినవాడికి వాసన వాసనే. ఆకలిగా ఉన్నవాడికి అది ఆజ్ఞ. బుట్టలో ఏమేం పడాలో ఇంటి దగ్గరే అనుకుని, పుల్లిని వెంటబెట్టుకుని తిన్నగా కొక్కమ్మ దగ్గరకు వెళ్లింది.

"ఏం, దారి తప్పావా?" అంది కొక్కమ్మ.

"తప్పిన దారిలోంచే వస్తున్నా అత్తా. రాగులు కొలిచియ్యి. ఉలవలు కూడా."

"కొసరు లేదు."

"అడగలేదు."

కొక్కమ్మ తలెత్తి ఆమె ముఖం చూసింది. కొలిచింది. సోల మీద గీత గీసినట్టు సమంగా కొలిచింది, ఒక గింజ ఎక్కువా లేదు, తక్కువా లేదు. పక్కన పెచ్చులు లేచిన గుమ్మడికాయ ఒకటి పడి ఉంది.

"దాని ముఖం బాగోలేదని ఎవరూ కొనడం లేదు. సగం ధరకు పట్టుకుపో. లోపల పాడైతే తెచ్చి నా ముఖాన కొట్టు."

"లోపలిదేగా తినేది" అని సూదమ్మ బుట్టలో వేసుకుంది. "మునగాకుందా అత్తా?"

"మునగాకు కొంటావా! ఏటి అవతల చెట్టు నిండా ఉంది. కొమ్మ వంచి కోసుకునే ఓపిక ఉండాలి గాని. ఊరికే కావాలని ఊరంతా తిరిగావుగా. ఊరికే దొరికేది అదీ!"

సూదమ్మ ఆ మాట పడింది. పడాల్సిన మాటే.

తిరిగి వస్తుంటే పరిమళయ్య కేక వేశాడు. "వదినా! ఇవాళ సోలకు సోల కొసరు! మళ్లీ దొరకదు!"

పుల్లి తల్లి తోక పట్టుకు లాగింది. "అమ్మా, సోలకు సోలంటమ్మా!"

సూదమ్మ ఆగింది. వాసన ఎప్పటిలాగే కమ్మగా ఉంది. సంచిలో ఇంకా నాలుగు గవ్వలున్నాయి.

"పరిమళయ్యా, నీ అసలు నీ దగ్గరే ఉంచుకో. కొసరొక్కటి ఇయ్యి" అంది.

"భలేదానివి వదినా! అసలు కొనకుండా కొసరెలా వస్తుంది? దాని ఖరీదు కూడా ఇందులోనే వేసుకుంటాం కదా..." అని పరిమళయ్య నాలుక కరుచుకున్నాడు. వెంటనే, "అయినా నేనేం బలవంతపెట్టానా?" అన్నాడు.

"లేదయ్యా. నువ్వు అమ్ముకున్నావు. చెయ్యి చాచింది నేను" అని సూదమ్మ నడిచిపోయింది. పుల్లి దారి పొడుగునా ఏడ్చింది. సూదమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. దారిలో ఏరు దాటి, ఇద్దరూ మునగాకు కోసుకున్నారు.

ఆ వారం గుమ్మడికాయ కండ పులుసైంది, చెక్కు పచ్చడైంది, గింజలు వేపుడయ్యాయి. ఒక్క పీచు కూడా పారేయలేదు. ఉలవలు ఉడికించిన నీళ్లు చారైతే, ఆ ఉలవలే మరునాటి గుగ్గిళ్లు. రాగి సంకటిలోకి మునగాకు కూర.

పుల్లి మొదటి రోజు ముద్ద విసిరి కొట్టింది. సూదమ్మ తిట్టలేదు, కొట్టలేదు, ఇంకోటి పెట్టలేదు. రెండో రోజు వేలితో నాకి చూసి వదిలేసింది. మూడో రోజు ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుని, "ఏం చేశావమ్మా?" అంది. ఆకలికి మించిన వంటవాడు లేడు పిల్లలూ. వాడిని మనమే చిరుతిళ్లు పెట్టి తరిమేస్తాం.

నెల తిరిగేసరికి కంపయ్య సంచి ఎత్తి ఊపాడు. గవ్వలు మోగాయి. "ఇవి ఎవరివే?" అన్నాడు.

"మనవే. మిగిలాయి."

"ఎంత మిగిల్చానో తెలుసా అని అరవలేదేం మరి?"

"చాల్లే, వడ్డిస్తా లే" అంది సూదమ్మ.

తొలి మంచు పడింది. బొరియల్లోంచి పిల్లలు ఒక్కొక్కరే నడకకు బయలుదేరారు. గలగలా, గలగలా, అడవంతా మోగింది. పుల్లి వీపున కొత్త ముళ్లు వచ్చాయి గాని ఇంకా సగమే ఎదిగాయి. ఆడిస్తే ఒక పక్క చిన్నగా మోగింది. ఇంకో పక్క మోగలేదు.

"నేనూ వెళ్తానమ్మా. అందరూ వెళ్తున్నారు!" అని పుల్లి ఏడ్చింది.

"సూదమ్మ కూతురు ఆగిపోయిందట" అని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. పరువు పోయినట్టే అనిపించింది సూదమ్మకు. పంపేస్తే ఆ మాట పడక్కర్లేదు. కాని ఏటి దారిలో ఎవరు కాచుకుని ఉంటారో ఆమెకు తెలుసు.

"మంచు కాలం పోయేలోగా ఎప్పుడు వెళ్లినా నడక నడకే. ఒంటికి తొందర తెలియదు. తిను, ఆగు" అంది.

పుల్లి తిన్నది. ఆగింది. చలి ముదిరింది, చలి వెనకబడింది. మంచు రోజురోజుకూ పలచబడింది. ఒకనాటి పొద్దున మళ్లీ దట్టంగా కమ్మింది. ఆ ఏడాదికి అదే చివరి మంచని ముసలమ్మలు అన్నారు. పుల్లి బొరియ ముందు నిలబడి ఒళ్లు విదిలించింది. గలగలమంది. సూదమ్మ రెండు పక్కలా తడిమి చూసింది. చేతికి గుచ్చుకుంది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

రెండడుగుల్లో పుల్లి మంచులో కలిసిపోయింది. చప్పుడు మాత్రం వినబడుతోంది. సూదమ్మ, కంపయ్య చెవులు రిక్కించి నిలబడ్డారు. చప్పుడు చిన్నదవుతూ ఏటివైపు పోయింది. బండరాళ్ల మలుపు దగ్గర ఆగింది.

సూదమ్మ ముందుకు ఒక అడుగు వేసింది. కంపయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

మంచులోంచి దుమ్ములగొండి గొంతు వినబడింది. "ఎవరది? సూదమ్మేనా?"

ఒక్కసారిగా గలగలమని పెద్ద చప్పుడు మోగింది. ఆ వెనకనే ఎండుటాకుల మీద బరువైన అడుగులు దూరంగా, దూరంగా పోయాయి.

గలగల మళ్లీ మొదలైంది. ఏటిదాకా పోయింది. తిరిగి వచ్చింది. మంచులోంచి ముందు మూతి, తరువాత ముళ్లు, ఆపైన పుల్లి మొత్తం బయటపడింది. కాళ్లు తడిసి ఉన్నాయి. తల్లి కళ్లు కూడా.

"అమ్మా, అది నా చప్పుడు విని నువ్వనుకుందే!" అంది పుల్లి.

సూదమ్మ పుల్లి మూతి మీది మంచు తుడిచింది.

"ఆకలేస్తోందమ్మా. ఏం చేశావు?"

"సంకటి, ఉలవచారు."

"పెట్టు మరి, నిలబడ్డావేం?" అని పుల్లి లోపలికి నడిచింది.

నీతి: ఊరికే వచ్చేదాన్ని చూసి కొనేవారికి సంచీ ఖాళీ అవుతుంది, ఒళ్లూ గుల్లవుతుంది. ఒంటికి కావలసింది తెలుసుకుని కొనేవారికి రెండూ నిలుస్తాయి.